ఆడవాళ్లకు గడి లేదు

జంగమోనిగూడ, మొయినాబాద్ మండలం
12 జనవరి 2008

ప్రియమైన సుమిత్రక్కకు,

నమస్కారం. బదిలీ మీద ఇక్కడికి వచ్చి ఐదు వారాలైంది. మీ దుకాణం వెనక గదిలో ఆరేళ్లు కిరాయికి ఉండి, పొద్దున మీ ఇంటి పోపు వాసనకు లేవడం అలవాటైనదాన్ని. ఇప్పుడు గులాబీ తోటల్లో మందు కొట్టే పంపు చప్పుడుకు లేస్తున్నాను. ఇక్కడి ఆరోగ్య సబ్‌సెంటర్ అంటే రెండు గదులు. ఒకదాంట్లో టీకాల డబ్బా, బరువు తూచే మిషను. రెండోదాంట్లో నేను.

ఊళ్లో నూట ఎనభై ఇళ్లు. పొలాలు సగం పట్నం వాళ్ల ఫామ్‌హౌసులయ్యాయి. అమ్ముకున్నవాళ్లే ఇప్పుడు అక్కడ గోడలు కడుతున్నారు, గడ్డి కోస్తున్నారు, గేటు దగ్గర కుర్చీ వేసుకొని కూర్చుంటున్నారు. ఆడవాళ్లు తోటల్లో పూలు కోస్తారు. ఏ ఇంటికి వెళ్లినా దగ్గు. మా బాపు సంగతి మీకు తెలుసు. రాళ్లు కొట్టి, బీడీలు తాగి, నలభై ఆరేళ్లకే పోయాడు. ఆ దగ్గు వింటూ పెరిగినందుకే నేను ఈ ఉద్యోగంలోకి వచ్చాను.

ఒక మంచి మాట. పోయిన శనివారం మన స్వప్నిక వచ్చింది! మాదాపూర్‌లో వాళ్ల సాఫ్ట్‌వేర్ కంపెనీ మా శాఖతో కలిసి ‘పొగలేని పల్లె’ అని ఒక పథకం పెట్టిందట. మొదటి ఊరు మాదే. మీ అమ్మాయే దానికి పెద్ద. పొగ తాగేవాళ్ల పేర్లు రాసుకొని మాన్పించాలి. దుకాణాల్లో బీడీలు, సిగరెట్లు అమ్మకూడదు. అంతా అయ్యాక హెల్త్ సిస్టర్‌గా నేను సంతకం పెడితే ఊరికి బోర్డు, బడికి పది కంప్యూటర్లు.

అందుకే ఈ ఉత్తరం. ఫోను చేయొచ్చు కదా అంటారేమో. మీ ఫోను గల్లా పక్కన ఉంటుంది. ఈ మాట అన్నకు మీ నోటి నుంచే తెలియాలి. ఇక్కడ ఉన్నది హన్మయ్య దుకాణం ఒక్కటే. “చేవెళ్ల సేటు పంపుడు బంద్ చేస్తే నేను అమ్ముడు బంద్ చేస్త సిస్టరమ్మా” అంటున్నాడు. ఆ సేటు మీ ఆయనే కదా, రామలింగం అన్నకు మీరు చెప్పి ఈ ఒక్క ఊరికి బీడీ కట్టలు పంపడం ఆపించండి. నాకోసం కాకపోయినా స్వప్నిక కోసం.

ఫారం నింపుతుంటే తమాషా జరిగింది. ఎల్లేశ్ అనే అతని పేరు రాసుకుంటున్నాను. అతని భార్య సంగమ్మ, నా కన్నా ఐదారేళ్లు పెద్దదేమో, గడప మీద కూర్చొని నవ్వింది. “మమ్ములను రాయవా? మేం గూడ తాగుతం” అంది. నేనూ నవ్వేశాను. ఫారంలో ఆడవాళ్లకు గడి లేదు.

మీ దుకాణం సరుకు ఊళ్లకు వేసే బాల్‌రాజ్ ట్రాలీ ఆటో వారానికి రెండుసార్లు ఇటు వస్తోంది. ఉత్తరం అతని చేతికే ఇస్తున్నాను.

మీ
ప్రవీణ


చేవెళ్ల
3 ఫిబ్రవరి 2008

చిరంజీవి ప్రవీణకు సుమిత్రక్క ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మా స్వప్నిక పేరు ఉన్న చోట మూడోసారి కూడా చదివాను. ఇంజనీరింగ్ అయినప్పుడు “ఆడపిల్లను పట్నంల పెట్టి ఏం జేస్తరు” అన్న మా మరిది మొన్న పెళ్లిలో నా పక్కనే కూర్చొని వాళ్లబ్బాయికి ఉద్యోగం చూడమన్నాడు. అక్కడ భోజనాలు బాగున్నాయో లేదో నాకు గుర్తు లేదు.

నీ గదిలోకి ఎవరినీ దింపలేదు. ఆయన నూనె డబ్బాలు పెడదామంటున్నారు. కొన్నాళ్లు ఆగమన్నాను.

బీడీల సంగతి ఆయనకు చెప్పాను. అన్నం తింటున్నప్పుడు చెప్పాను, తప్పించుకోకుండా. “ఒక్క ఊరే గద, బంద్ చేద్దాం తియ్” అన్నారు. బాల్‌రాజ్‌కు కూడా నా ముందే చెప్పారు. ఇక నువ్వు ఫికర్ చేయకు.

ఆ సంగమ్మ మాట చదివి నేనూ నవ్వుకున్నాను. మా అత్తగారి తల్లి కూడా చుట్ట తాగేదట, ఎద్దుల కొట్టంలో దాక్కొని. ఆ కాలం వేరు.

పిల్ల శనివారాలు అక్కడికి వస్తే ఒక ముద్ద తినిపించి పంపు. చిక్కిపోయింది.

నీ అక్క
సుమిత్ర


జంగమోనిగూడ
20 ఏప్రిల్ 2008

అక్కా,

అన్న మాట నిలబెట్టుకున్నారు. హన్మయ్య దుకాణం ముందు వేలాడే బీడీ కట్టలు పోయాయి. ఆ కొక్కేనికి ఇప్పుడు షాంపూ పొట్లాలు వేలాడుతున్నాయి. అరవై నాలుగు మంది మగవాళ్ల పేర్లు రాశాను. ఇరవై మంది దాకా నిజంగానే మానేశారు. మిగిలినవాళ్లు నేను కనిపిస్తే చెయ్యి వెనక్కి పెట్టుకుంటున్నారు. స్వప్నిక శనివారం శనివారం పది మంది పిల్లలతో వచ్చి, పచ్చ టీషర్టులు వేసుకొని పాటలు పాడిస్తోంది. పోయిన వారం జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టాను. రెండు రొట్టెలు తిన్నది, ఫికర్ చేయకండి.

కానీ అక్కా, సంగమ్మది తమాషా కాదు. గులాబీ తోటకు వెళ్లి చూశాను. కోత అయ్యాక ఆడవాళ్లు గట్టు మీద వరుసగా కూర్చుంటారు. రొంటిలో నుంచి బీడీలు తీస్తారు, కొందరు చుట్టలు. నన్ను చూసి ఒకరిద్దరు పారేశారు. సంగమ్మ పారేయలేదు.

“ఎన్నేండ్ల సంది తాగుతున్నవక్కా?” అన్నాను.

“పెండ్లైనంక. పొద్దుగాల చాయి తాగి వస్తం. పన్నెండు దాక ఏం తినం. ఇది గుంజితే ఆకలి సచ్చిపోతది. నువ్వు ఆకలికి గోలి ఇస్తవా? ఇయ్యి, ఇది ఇడిసిపెడ్త.”

లెక్క పెడితే ఆ గట్టు మీదే ఇరవై ముగ్గురు. ఊరంతా కలిస్తే ఇంకెంతమందో.

సంగమ్మకు దగ్గు పట్టి రెండు నెలలు దాటింది. బరువు చూశాను, ముప్పై ఎనిమిది కిలోలు. తెమడ పరీక్షకు పంపిస్తే టీబీ లేదని వచ్చింది. మా డాక్టరు గారు దగ్గు మందిచ్చి, ఎక్స్‌రే తీయించమన్నారు. పట్నం పోవాలంటే రెండు రోజుల కూలి పోతుందని ఆమె కదలడం లేదు. జూలైలో ఎక్స్‌రే బండి ఊళ్లకు వస్తుంది, అప్పుడు తీయిద్దాం అన్నాను. సరేనంది.

ఆడవాళ్ల పేర్లు విడిగా ఒక కాగితం మీద రాసి స్వప్నికకు ఇచ్చాను. “ఫారం పైనుంచి వచ్చింది ప్రవీణక్కా, మధ్యలో గడి కలపలేం. ఇవి కలిపితే లెక్క సున్నాకు రాదు, జూన్‌లో బోర్డు పెట్టలేం” అంది. కాగితం మాత్రం బ్యాగులో పెట్టుకుంది. ఒక నెల ఆలస్యమైనా పర్వాలేదని మీరొకసారి చెప్పండి. మీ మాట వింటుంది.

మీ
ప్రవీణ


చేవెళ్ల
11 మే 2008

ప్రవీణా,

నీ ఉత్తరం చదివాక నాలుగు రోజులు కలం పట్టలేదు. ఇప్పుడు పట్టినా కోపంగానే ఉన్నాను. కోపంతో రాస్తే తప్పులు వస్తాయని మా నాన్న అనేవాడు. రానీ.

ఆడవాళ్ల పేర్లు కాగితం మీద రాస్తే వాళ్లకు ఒరిగేదేమిటి? రేపు ఆ కాగితం సర్పంచ్ చేతిలో పడుతుంది, ఆ తర్వాత మగవాళ్ల నోళ్లలో. పెళ్లికావలసిన పిల్లలు ఉండరా ఆ ఇళ్లలో? నీకు పుణ్యం, వాళ్లకు పరువు నష్టం. పదిమందికీ తెలియకుండా తాగుతున్నారు, తెలియకుండానే మాన్పించరాదా?

ఇంకొకటి. స్వప్నికకు ఈ జూన్‌లో బోర్డు పడితేనే టీమ్ లీడ్ ఇస్తారట. దాంతో పాటు చేరిన మగపిల్లలు ఇద్దరు కాచుకొని ఉన్నారు. “అమ్మా, ప్రవీణక్క సంతకం పెడుతదా?” అని రెండుసార్లు ఫోను చేసింది. ఎందుకు పెట్టదు అన్నాను. నా ఇంట్లో ఆరేళ్లు తిరిగిన పిల్ల ఎందుకు పెట్టదు?

నీకు టైఫాయిడ్ వచ్చినప్పుడు పద్దెనిమిది రోజులు నీ మంచం పక్కనే ఉన్నాను. ఇలాంటివి నోటితో అనకూడదని నాకు తెలుసు. కానీ అంటున్నాను. ఒక్క గడి గురించి నా బిడ్డ బతుకు ఆపకు. బోర్డు పడ్డాక ఆ ఆడవాళ్లకు నువ్వు ఏం చేయాలనుకుంటే అది చెయ్యి, ఎవరు వద్దంటారు?

మామిడికాయ ముక్కలు ఎండబెట్టాను. పచ్చడి కలిపాక బాల్‌రాజ్‌తో పంపుతాను.

సుమిత్ర


జంగమోనిగూడ
29 జూన్ 2008

అక్కకు,

సంతకం పెట్టాను.

బోర్డు పోయిన ఆదివారం పెట్టారు. బస్సు ఆగే చోట, నీలం రంగు మీద తెల్ల అక్షరాలు. మా శాఖ పెద్దసారు వచ్చారు, కంపెనీ వాళ్లు మూడు కార్లలో వచ్చారు. కంప్యూటర్లు వచ్చాయి. అవి పెట్టే గదికి ఇంకా కరెంటు తీగ వేయలేదు. స్వప్నిక మాట్లాడింది, చాలా బాగా మాట్లాడింది. మీరు చూడాల్సింది. “ఈ ఊళ్లో ఇక పొగాకు వాడేవారు సున్నా” అన్నప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

సంగమ్మ జనం వెనక నిలబడి ఉంది. నేను పక్కనుంచి వెళ్తుంటే, ఇంకెవరికీ వినపడకుండా అంది: “మరి మేమెవరం సిస్టరమ్మా? పక్క ఊరోళ్లమా?”

పచ్చడి అందింది. మీ ఉత్తరం అంతకుముందే అందింది. బాల్‌రాజ్ హన్మయ్య దుకాణం ముందు ట్రాలీ ఆపి, టార్పాలిన్ ఎత్తి నాకు డబ్బా అందించాడు. డబ్బా ఒక అట్టపెట్టె మీద పెట్టి ఉంది. ఆ పెట్టె మీద బీడీల బొమ్మ నాకు కనిపించింది. నేను చూశానని అతనికీ తెలిసింది. హన్మయ్య రెండు నెలల కిందటి నుంచీ లోపలి గదిలో పెట్టి అమ్ముతున్నాడట. ఊళ్లో అందరికీ తెలుసట.

సంతకం పెట్టింది అది చూసిన మరుసటి రోజే. చూడకముందు పెట్టానని చెప్పుకుంటే నాకు బాగుండేది.

ప్రవీణ


చేవెళ్ల
14 జూలై 2008

చిరంజీవి ప్రవీణకు,

స్వప్నికకు టీమ్ లీడ్ వచ్చింది. నువ్వు ముందు తెలుసుకోవాల్సినదానివి కాబట్టి రాస్తున్నాను. కొత్త పనికి పుణె పంపిస్తారేమో అంటోంది.

బాల్‌రాజ్ సంగతి ఆయన్ను అడిగాను. “మనం పంపకపోతే శంకర్‌పల్లి సేట్లు పంపుతున్నరు. హన్మయ్య ఉప్పు, పప్పు గూడ వాళ్ల దగ్గరే కొంటనన్నడు” అన్నారు. ఏప్రిల్ నుంచే మళ్లీ వెళ్తున్నాయట.

బీడీలు వెళ్తున్న సంగతి నాకు మే నెలలోనే తెలుసు. కోపంతో ఉత్తరం రాశానే, అప్పటికే తెలుసు.

వానలు బాగా పడుతున్నాయి. ఆరోగ్యం చూసుకో.

సుమిత్ర


చేవెళ్ల
7 సెప్టెంబరు 2008

ప్రవీణా,

ఎనిమిది వారాలైంది. జవాబు లేదు. బాల్‌రాజ్‌ను అడిగితే “సిస్టరమ్మ నా తోని మాట్లాడుత లేదు, ఎదురైతే పక్కకెళ్లి పోతున్నది” అన్నాడు. ఫోను చేశాను. మోగి మోగి ఆగిపోయింది.

కోప్పడే హక్కు ఉంది నీకు. రెండు మాటలు తిట్టి అయినా రాయి. నీ గదిలో ఆయన నూనె డబ్బాలు పెట్టేశారు.

సుమిత్రక్క


జంగమోనిగూడ
5 అక్టోబరు 2008

అక్కా,

తిట్టడానికి నాకు నోరు లేదు. అందుకే రాయలేదు. ఇప్పుడు రాయక తప్పదు.

జూలైలో ఎక్స్‌రే బండి వచ్చింది. మా మండలంలో తొమ్మిది ఊళ్లు తిరిగింది. సురంగల్ వెళ్లే రోడ్డు మీద, మా ఊరి మలుపు దాటి పోతుంటే నేనే చూశాను. ఆఫీసుకు వెళ్లి అడిగాను. గుమస్తా జాబితా తిప్పి చూపించాడు. పొగ తాగేవాళ్లు ఎక్కువున్న ఊళ్లకే బండి. మా ఊరి పేరు పక్కన సున్నా. “మీది పొగలేని పల్లె గదమ్మా, మీకెందుకు బండి? సంతకం నీదే” అన్నాడు. వెక్కిరించలేదు, మామూలుగానే అన్నాడు. బండి ఊళ్లను ఎలా ఎంచుకుంటుందో సంతకం పెట్టేముందు నేను అడగలేదు. అడగాలని తోచలేదు.

సంగమ్మకు వచ్చే నెల వస్తుందని చెప్పాను. ఆగస్టులోనూ అదే చెప్పాను. వాకిట్లో నన్ను చూసినప్పుడల్లా “వచ్చెనా బండి?” అని అడిగేది. తర్వాత అడగడం మానేసింది.

సెప్టెంబరు పదో తారీఖున పూల గంపలో రక్తం కక్కింది. తోట మేస్త్రీ పూలు పాడైనాయని అరిచాడట. ఎల్లేశ్‌ను వెంటబెట్టుకొని పట్నం పెద్ద దవాఖానకు తీసుకెళ్లాను. నాలుగు రోజులు పరీక్షలు. ఊపిరితిత్తుల్లో క్యాన్సర్. రెండు వైపులా పాకింది, ఎముకకు కూడా పట్టింది.

అక్కడి డాక్టరమ్మ చిన్న పిల్ల, స్వప్నిక వయసు ఉంటుందేమో. కాగితాలు చూస్తూ నన్నడిగింది. “దగ్గు ఫిబ్రవరి నుంచి ఉందంటున్నారు, మీరు హెల్త్ వర్కరంటున్నారు. ఇన్నాళ్లు ఏం చేశారు?”

నేను చెప్పేలోపు సంగమ్మ కలగజేసుకుంది. “ఆమె తప్పేం లేదమ్మా. నేనే రానన్న. కూలి పోతదని.”

అక్కా, నన్ను కాపాడింది. నాలుగు మెట్లు ఎక్కితే ఊపిరి అందని మనిషి, నా ఉద్యోగం పోతుందేమోనని అబద్ధం చెప్పింది. నేను ఊరుకున్నాను. అవును, ఊరుకున్నాను. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టాను. అప్పా జంక్షన్ దాటాక నా భుజం మీద తల పెట్టి పడుకుంది.

ఇంటికి పంపేశారు. నొప్పికి మందు మాత్రం ఇస్తున్నాను.

మే నెల ఉత్తరంలో నా టైఫాయిడ్ సంగతి రాశారు. ఆ పద్దెనిమిది రోజులు నేను మర్చిపోయే రకం కాదు. అయితే సంతకం దానికోసం పెట్టానని మీ మీదకు తోయను. బోర్డు పెట్టించిన సిస్టర్ అని నా పేరు కూడా పైన తెలుస్తుందని ఆశపడ్డాను. ఆ ఆశ నాదే.

నవంబరు పంతొమ్మిదిన గ్రామసభ ఉంది. నేను నిలబడి చెప్తాను, ఆ సర్టిఫికెట్ తప్పు, నేను తెలిసే సంతకం పెట్టాను అని. పెద్దసారుకు కూడా రాసి పంపాను. హన్మయ్య బీడీలు అమ్మలేదనే అంటాడు. సర్పంచ్ కంప్యూటర్లు పోతాయని నన్నే అబద్ధాలకోరు అంటాడు. బీడీలు వస్తూనే ఉన్నాయని చెప్పగలిగినవాళ్లు చేవెళ్లలో ఉన్నారు. రమ్మని అడుగుతున్నాను. రాకపోతే మళ్లీ అడగను.

ప్రవీణ


చేవెళ్ల
26 అక్టోబరు 2008

ప్రవీణా,

నీ ఉత్తరం దేవుడి గదిలో కూర్చొని చదివాను. చదివాక అక్కడ కూర్చోలేకపోయాను.

ఆయనకు చదివి వినిపించాను. సగంలో లేచిపోయారు. “తాగమని మనం చెప్పినమా? దుకాణమన్నంక అడిగింది ఇయ్యాలె. సభల నిలబడి మొగని పరువు తీస్తవా?” అన్నారు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన నా మీద గొంతెత్తింది మూడుసార్లే. ఇది మూడోది.

స్వప్నిక దీపావళికి రెండు రోజులు ముందుగా వచ్చింది. చెప్పాను. అది ఏడుస్తుందనుకున్నాను. కూర్చొని గోళ్లు చూసుకుంటూ, “నాకు తెలుసమ్మా” అంది. ఏం తెలుసే అంటే, బీడీలు వస్తున్న సంగతి తెలుసు, ఆడవాళ్ల కాగితం బ్యాగులోనే ఉన్న సంగతి తెలుసు, సున్నా పెడితే బండి రాదన్నదే తెలియదు. “అన్నీ తెలిసినోళ్లెవరూ లేరమ్మా అందుల. ఎవరికి వాళ్లకు జరంత తెలుసు” అంది. దాన్ని చదివించాను గానీ, ఇంత చల్లగా మాట్లాడడం ఎప్పుడు నేర్చుకుందో నాకు తెలియలేదు. తర్వాత మేడ మీదికి పోయింది. భోజనానికి రాలేదు.

ఈ నెల రెండో తారీఖు నుంచి నలుగురు తిరిగే చోట పొగ తాగితే రెండు వందలు జుర్మానా కదా. మొన్న బస్టాండులో టమాటా గంప పెట్టుకున్న ముసలాయన్ను పట్టుకున్నారు. గంప అక్కడే వదిలేసి చేతులు జోడిస్తున్నాడు. ఆ బీడీ మా దుకాణంలోదే, పొద్దున నేనే చేతికిచ్చాను. మా వైపు ఎవరూ చూడలేదు.

వస్తానో రానో నాకే తెలియదు. వస్తానని రాసి రాకపోవడం కన్నా ఇలా రాయడం నయం అనిపించింది.

సుమిత్ర


చేవెళ్ల
24 నవంబరు 2008

ప్రవీణా,

సభ అయ్యాక నీతో ఒక్క మాట కూడా మాట్లాడకుండా వచ్చేశానని అనుకుంటున్నావేమో. మాట్లాడడానికి నాకు ఒంట్లో బలం లేదు.

ఎలా వచ్చానో చెప్తాను. పొద్దున ఆయనకు చాయి ఇచ్చి, “నేను జంగమోనిగూడ పోతున్న” అన్నాను. ఆయన తలెత్తలేదు. మొయినాబాద్‌లో దిగి షేర్ ఆటో ఎక్కాను. మీ ఊరి మలుపులో ఆ నీలం బోర్డు కనిపించింది. సంగమ్మ పోయి తొమ్మిది రోజులైందని ఆటోలోనే తెలిసింది. పక్కన కూర్చున్న ఆడమనిషి చెప్పింది. నువ్వు నాకు రాయలేదు. ఎందుకు రాయాలి?

నువ్వు లేచి చెప్తుంటే నేను వెనక బల్ల మీద ఉన్నాను. సర్పంచ్ “ఈమె ట్రాన్స్‌ఫర్ కోసం ఊరి మీద బురద చల్లుతున్నది” అన్నప్పుడు లేవాలనుకున్నాను, లేవలేకపోయాను. హన్మయ్య “నా బిడ్డల మీద ఒట్టు, ఒక్క కట్ట అమ్మలేదు” అన్నప్పుడు లేచాను. అబద్ధం మీద పిల్లల్ని పెట్టాడని లేచాను గానీ, ధైర్యం వచ్చి కాదు. “నేను చేవెళ్ల రామలింగం సేటు భార్యను. బీడీలు మా దుకాణం నుంచే వస్తున్నయి. వారానికి రెండుసార్లు. పోయిన శుక్రవారం గూడ వచ్చినయి” అన్నాను. అంతే. ఇంకేదో అనాలని ఇంటి దగ్గర అనుకున్నది గుర్తు రాలేదు.

ఆ తర్వాత జరిగింది నీకు తెలియదు. సంగమ్మ ఇంటికి వెళ్లాను. ఎల్లేశ్ లేడు, పనికి పోయాడు. సంగమ్మ అత్త అంతమ్మ ఒక్కతే వాకిట్లో కూర్చొని ఉంది. నేను ఎవరో చెప్పాను. కంటి చూపు సరిగా లేనట్టుంది, దగ్గరికి రమ్మంది. చాప చూపించింది. రొంటిలో నుంచి బీడీ తీసి ముట్టించుకుంది.

“నీ దుకాణంలదేనా ఇది?” అని అడిగింది.

“అవునవ్వా.”

“మంచిగుంటది. మా కోడలు గూడ ఇదే తాగేది.”

తిట్టలేదు ప్రవీణా. తిట్టాలని ఆమెకు తోచనే లేదు. ఆ చేతిలోది లాక్కొని పారేద్దామనుకున్నాను. ఏ ముఖంతో? పక్కనే కూర్చున్నాను. ఆమె దాన్ని చివరిదాకా తాగింది.

ఇంటికొచ్చాక ఆయన నాలుగు రోజులు మాట్లాడలేదు. నిన్న మాత్రం బాల్‌రాజ్‌తో “ఆ ఊరికి ఇగ వద్దు” అంటుంటే విన్నాను. మిగిలిన ఊళ్ల మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఇంత చేసి అక్కడ ఆగిపోయానని నాకే సిగ్గుగా ఉంది. ఆయనకు చెప్పాలి.

నీ మీద ఏ చర్య తీసుకున్నా రాయి. దాచకు.

నీ అక్క
సుమిత్ర


జంగమోనిగూడ
15 ఫిబ్రవరి 2009

సుమిత్రక్కకు నమస్కారం.

మెమో ఇచ్చారు. తప్పుడు ధ్రువీకరణ అని. ఒక ఇంక్రిమెంటు ఆపారు. బదిలీ చేస్తారనుకున్నాను, చేయలేదు. ఈ ఊరికి రావడానికి ఇంకెవరూ ఒప్పుకోలేదట. పెద్దసారు “నువ్వు నోర్మూసుకుంటే అందరికి మంచిగుండెడిది” అన్నారు. ఆయన కూడా ఆ రోజు చప్పట్లు కొట్టినవారే. కంప్యూటర్లు వెనక్కి తీసుకుపోలేదు. బోర్డును సర్పంచ్ తీయించనన్నాడు. సంక్రాంతి దాటాక తోట ఆడవాళ్లే వెళ్లి దాన్ని పీకేసి, నీళ్లగుంత మీద మూతగా వేసుకున్నారు.

స్వప్నిక వచ్చింది. మీకు చెప్పిందో లేదో. టీషర్టు లేకుండా, స్నేహితులు లేకుండా, మెహదీపట్నంలో బస్సెక్కి వచ్చింది. నేరుగా తోటకు పోయింది. రెండు శనివారాలు గట్టు మీద కూర్చొని ఒక్కొక్కరి పేరు, వయసు, ఎన్నేళ్ల నుంచి, ఎందుకు, అన్నీ రాసుకుంది. మొదట అందరూ దూరం దూరంగా కూర్చున్నారు. మూడో గంటకు ఎవరో “రాసుకో బిడ్డా, సచ్చినంక ఏం పరువు” అన్నారు. ఆ మాటతో మిగిలినవాళ్లు దగ్గరికి జరిగారు. నలభై ఒక్క మంది అయ్యారు. ఆ కాగితాలతో మా ఆఫీసుకూ వాళ్ల కంపెనీకీ తిరిగింది. పుణె వెళ్లడం ఒప్పుకోలేదట. అది మంచిదో కాదో నాకు తెలియదు. మీరు కోప్పడకండి.

ఎక్స్‌రే బండి ఈ నెల పదిన వచ్చింది. ఆ రోజు తోట యజమానిని బతిమాలి పూల కోతకు సగం రోజు సెలవు ఇప్పించాను, కూలి కోయకుండా. అందరూ తీయించుకున్నారు. నలుగురికి ఛాతీలో టీబీ మచ్చలు కనిపించాయి. తెమడ పరీక్షలో కూడా తేలింది. మందు మొదలుపెట్టాను, ఆరు నెలల్లో నయమవుతుంది. అంతమ్మకు ఏమీ లేదు. డెబ్బై ఏళ్లు, ఒక్క మచ్చ లేదు. ఫిలిం చూసి ఆమే ఆశ్చర్యపోయింది. “నన్ను ఇడిసిపెట్టి దాన్ని తీస్కపోయిండు” అంటూ చాలాసేపు కూర్చుంది.

ఆకలికి మాత్రం ఇంకా ఏమీ చేయలేకపోయాను. పని మధ్యలో పదింటికి అంబలి ఇప్పించమని ఆ యజమానిని అడిగాను. చూద్దాం అన్నాడు. మానినవాళ్లు ఆరుగురు. మిగిలినవాళ్లు మానలేదు. కానీ నన్ను చూసి దాచడం లేదు.

ఇప్పుడు అసలు సంగతి. పోయిన వారం మందుల కోసం పట్నం వెళ్లినప్పుడు ఆ డాక్టరమ్మను కలిశాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. సంగమ్మ ఆ రోజు ఆడిన అబద్ధం కూడా చెప్పాను. తర్వాత అడిగాను, “ఏప్రిల్‌లోనే ఎక్స్‌రే తీసి ఉంటే బతికేదా?” అని. ఆమె చాలాసేపు పాత ఫిలింను వెలుతురులో పెట్టి చూసింది. “చెప్పలేం. బతికేదేమో. అప్పటికే ఆలస్యమయ్యేదేమో. చెప్పలేం” అంది.

అక్కా, కచ్చితంగా పోయేదని అని ఉంటే కొంచెం ఊరట ఉండేది. బతికేదని అని ఉంటే నా తప్పు ఎంతో నాకు తెలిసేది. రెండూ కాలేదు. ఎల్లేశ్ ఎదురైతే “బాగున్నవా సిస్టరమ్మా” అంటాడు. ఆ పలకరింపు నాకు కష్టంగా ఉంటుంది.

నూనె డబ్బాలు తీయించి గది కడిగించానని, ఒక ఆదివారం వచ్చి ఉండి పొమ్మని బాల్‌రాజ్‌తో కబురు పంపారు. మీ మీద కోపం లేదు. అయినా ఇప్పుడు రాలేను. అక్కడికి వస్తే మీరు ప్రేమగా అన్నం పెడతారు, నేను తింటాను, ఇద్దరం ఏడుస్తాం, మనసు తేలికవుతుంది. ఇంత త్వరగా తేలిక పడాలని నాకు లేదు.

మిగిలిన ఊళ్ల సంగతి అన్నకు చెప్పారా? చెప్పినప్పుడు రాయండి. ఆ రోజు వస్తాను.

నలుగురిలో ఇద్దరికి మందు పడక వాంతులవుతున్నాయి, మానేస్తామంటున్నారు. రేపు కోత మొదలయ్యే వేళకే తోటకు వెళ్లాలి. నా ఎదురుగా మింగిస్తేనే మింగుతారు.

మీ
ప్రవీణ